కోచ్‌ను మార్చితే జట్టు మారునా?
(రహీం సాహెబ్ నాటి నుండి నేటి దాకా ఒక తగాదా కథ)

భారత ఫుట్‌బాల్ జట్టు ఓడిపోయిన మర్నాడు దేశమంతటా ఒకటే తగాదా. కోచ్‌ను వెంటనే తీసివేయవలసిందేనని ఒకరంటారు. పాపం, ఆయనేం చేస్తాడండీ, ఆటగాళ్ళలో సత్తా ఉంటే కదా అని మరొకరంటారు. విదేశీయుడు వద్దు, మనవాడే కావాలని ఒక పక్షం. మనవాళ్ళకు కొత్త పద్ధతులు ఎక్కడ తెలుసు, బయటివాడే మేలని ఇంకొక పక్షం. ముందు వరుసలో ఒక్కడినే ఎందుకు పెట్టాడని ఒకరు, వెనుక నలుగురు చాలరని మరొకరు. చాయ్ హోటల్లో బల్ల మీద చక్కెర చిందించి, ఆ చక్కెర మీద వేలితో జట్టును నిలబెట్టి చూపే పెద్దమనుషులను కూడా మేము ఎరుగుదుము.

అభిమానం ఉన్నచోటే కోపముంటుంది. కాబట్టి ఈ తగాదాను మేము తప్పు పట్టుట లేదు. అయితే దీనికి డెబ్బయి ఏండ్లు దాటిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర నడిమధ్యలో మన హైదరాబాదుకు చెందిన ఒక బడిపంతులు నిలిచియున్నాడు. ఆ సంగతి తెలియకుండా ఎంతసేపు వాదించినా వాదన మొదటికే వస్తుంది. అందుకే, తరగతి గదిలో ఉర్దూలో పాఠం చెప్పుకునే మేము, ఇంటిల్లిపాదికీ అందవలెనని తెలుగులో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముగ్గురు కోచ్‌లు, ఒకే ఫలితం

ముందుగా ఇటీవలి సంగతులు చూద్దాము. 2019 మే నెలలో క్రొయేషియా దేశస్థుడు ఇగోర్ స్టిమాచ్ మన జట్టుకు కోచ్‌గా వచ్చాడు. ఆయన కాలంలో 2021లోనూ 2023లోనూ దక్షిణాసియా పోటీలో కప్పు మనకే దక్కింది. అప్పుడు ఆయనను పొగడని నోరు లేదు. 2024 జనవరిలో ఖతర్‌లో ఆసియా కప్పు జరిగింది. ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా - మూడు ఆటలూ ఓడిపోయాము, ఒక్క గోల్ కూడా చేయలేదు. మార్చి 26న గువాహటిలో, సొంత గడ్డ మీద, ఆఫ్ఘనిస్తాన్ చేతిలో 2-1 తేడాతో ఓడిపోయాము. జూన్ 6న కలకత్తాలో కువైట్‌తో గోల్ లేకుండా సమంగా ముగిసింది. సునీల్ ఛెత్రీ వీడ్కోలు చెప్పిన ఆట అది. జూన్ 11న ఖతర్ మీద మనం ముందంజలో ఉండగా, లైను దాటిపోయిన బంతిని తిరిగి లాగి వాళ్ళు చేసిన గోల్‌ను రిఫరీ ఒప్పుకున్నాడు. ఆ ఆట కూడా 2-1తో పోయింది. ప్రపంచ కప్పు ఆశ అక్కడితో సరి. జూన్ 17న స్టిమాచ్‌ను తొలగించారు.

తరువాత వచ్చిన స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్ మన హైదరాబాదుకు కొత్తవాడు కాదు. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ జట్టు దేశపు పెద్ద లీగును గెలిచినప్పుడు కోచ్ ఆయనే. ఇతడైతే మన కుర్రాళ్ళ నాడి తెలిసినవాడని అందరూ సంతోషించారు. ఆయన మొదటి పోటీ కూడా మన గచ్చిబౌలి స్టేడియంలోనే జరిగింది. 2024 సెప్టెంబరులో అక్కడ మారిషస్‌తో గోల్ లేకుండా సమం, సిరియా చేతిలో 3-0 ఓటమి. నవంబరులో మలేషియాతో అదే మైదానంలో 1-1. మొత్తం మీద ఆయన నడిపిన 8 ఆటలలో గెలుపు ఒక్కటే, అది మాల్దీవుల మీద. 2025 జూన్ 10న హాంకాంగ్ చేతిలో 1-0తో ఓడిన తరువాత, జులైలో ఆయన కూడా వెళ్ళిపోయాడు.

అప్పుడు మనవాడే కావాలన్న పక్షం మాట నెగ్గింది. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్‌ను నియమించారు. ఒక భారతీయునికి ఆ కుర్చీ దక్కడం పదమూడేండ్ల తరువాత అదే మొదలు. ఆ నెలాఖరున మధ్య ఆసియా దేశాల పోటీకి వెళ్ళి, తజికిస్తాన్‌ను వాళ్ళ గడ్డ మీదే 2-1తో ఓడించి, ఒమన్‌ను పెనాల్టీలలో గెలిచి మూడవ స్థానం తెచ్చారు. చూశారా, మేము చెప్పలేదూ అన్నారు ఆ పక్షంవారు. నెల తిరిగింది. అక్టోబరు 9న సింగపూరులో 1-1, 14న గోవాలో అదే సింగపూరు చేతిలో 2-1 ఓటమి. దానితో 2027 ఆసియా కప్పుకు పోయే దారి మూసుకుపోయింది. నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ మనల్ని 1-0తో ఓడించింది. వారి చేతిలో మనం ఓడటం 22 ఏండ్ల తరువాత అదే ప్రథమం.

రెండేండ్ల లోపే ముగ్గురు కోచ్‌లు. ఒకరు క్రొయేషియా, ఒకరు స్పెయిన్, ఒకరు స్వదేశీ. ముగ్గురి స్వభావాలు వేరు, పద్ధతులు వేరు. ఫలితం మాత్రం ఒకే తీరు. పంతుళ్ళను ముగ్గురిని మార్చినా తరగతి మొత్తం ఫెయిలవుతుంటే, తనిఖీకి వచ్చిన అధికారి నాలుగో పంతులు పేరు అడుగుతాడా, పిల్లలు కింది తరగతులలో ఏం చదివి వచ్చారని అడుగుతాడా?

బోర్డు మీద గీతలు

ఇక వ్యూహం సంగతి. 4-2-3-1 అంటారు, 4-4-2 అంటారు. ఈ అంకెలు తేలిక. గోల్‌కీపర్‌ను వదలి మిగిలిన పదిమందిని వెనుక నుండి ముందుకు వరుసలవారీగా లెక్కించుటయే. అంకెలు ఎన్నయినా మార్చవచ్చు, కాని ముందు నిలబడి గోల్ చేసేవాడు ఉండాలి కదా. ఛెత్రీ 2024 జూన్‌లో ఆట విరమించే నాటికి 151 ఆటలలో 94 గోల్స్ చేశాడు. ఆయన పోయిన తరువాత గోల్ చేసేవాడు దొరకక, 2025 మార్చిలో నలభయ్యేండ్ల వయసున్న ఆయననే మళ్ళీ పిలిపించుకున్నారు. మాల్దీవుల మీద ఆయనా ఒక గోల్ చేశాడు. ఇంత పెద్ద దేశంలో వెతికి వెతికి మళ్ళీ అదే మనిషి తలుపు తట్టవలసి వచ్చింది!

దీనికి కారణమున్నది. మన పెద్ద లీగులో క్లబ్బులవారు చాలా వరకు సెంటర్ ఫార్వర్డ్ స్థానంలో విదేశీయుణ్ణి పెట్టుకుంటారు. వాళ్ళ డబ్బు, వాళ్ళ గెలుపు, వాళ్ళను అనడానికి లేదు. కాని ఆ స్థానంలో వారం వారం ఆడి రాటుదేలవలసిన మన కుర్రవాడు బెంచీ మీదనో, రెక్క పక్కనో ఉండిపోతాడు. జాతీయ కోచ్ ఎవరైనా సరే, ఏడాది పొడుగునా ఎవరూ పెంచని మొక్కకు ఒక్కరోజులో కాయ కాయించమంటే ఎట్లా? బోర్డు మీద గీతలు గీయడం ఎవరికైనా వచ్చును. ఆ గీతల చివర నిలబడే పిల్లవాడు ఎక్కడి నుండి వస్తాడన్నదే ప్రశ్న.

ఒక బడిపంతులు

ఈ ప్రశ్నకు ఒకప్పుడు జవాబు చెప్పినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్. 2024 ఏప్రిల్‌లో వచ్చిన "మైదాన్" సినిమా వలన ఆయన పేరు మన పిల్లలకు కూడా తెలిసింది. సినిమాలో నాటకీయం కోసం కొంత కల్పన ఉండవచ్చు. అసలు మనిషి కథకు కల్పన అవసరం లేదు.

ఆయన 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. బడిపంతులుగా జీవితం మొదలుపెట్టి, తరువాత వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలులలో ఆటల బాధ్యత చూశారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయినారు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు కోచ్. ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 దాకా వరుసగా అయిదేండ్లు గెలిచింది. భారత జట్టు పగ్గాలు కూడా 1950 ప్రాంతంలోనే ఆయన చేతికి వచ్చాయి. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఇరాన్‌పై మేవాలాల్ చేసిన ఒక్క గోల్‌తో బంగారు పతకం మనదైంది.

మరుసటి సంవత్సరమే దెబ్బ తగిలింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన మీద పది గోల్స్ చేసింది. మనవాళ్ళు చేసింది ఒకటే. ఆ చలిలో, ఆ తడి నేల మీద మన ఆటగాళ్ళు చాలామంది ఒట్టి కాళ్ళతో ఆడారు. ఈనాటి లెక్కన అయితే విమానం దిగకముందే కోచ్ ఉద్యోగం పోవలసినది. అప్పుడేం జరిగింది? ఆటగాళ్ళు బూట్లు తొడిగి తీరవలెనని నిబంధన పెట్టారు. నాలుగేండ్ల తరువాత మెల్‌బోర్న్‌కు జట్టును తీసుకుపోవడానికి మళ్ళీ ఆ బడిపంతులునే పిలిచారు.

ఆ కాలంలో అందరూ ఆడే పద్ధతిని డబ్ల్యూ-ఎం అనేవారు. వెనుక ముగ్గురు, మధ్యలో హాఫ్‌బ్యాకులు, ముందు అయిదుగురు. 1953లో హంగరీవారు తమ సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి జరిపి, ఇంగ్లండును వాళ్ళ వెంబ్లీ మైదానంలోనే 6-3తో ఓడించారు. ఎవరిని పట్టుకోవాలో ఇంగ్లండు వెనుక ఆటగాడికి తెలియలేదు. రహీం సాహెబ్ ఇటువంటి సంగతులను శ్రద్ధగా గమనించేవారు. గమనించినదాన్ని మన కుర్రాళ్ళ కాళ్ళకు తగినట్లు మార్చేవారు. మనవాళ్ళు ఎత్తులో, బరువులో తక్కువ. కాబట్టి బంతిని గాలిలోకి లేపకుండా నేల మీదే, పొట్టి పాసులతో, ఆగకుండా అందించుకొమ్మన్నారు. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాము. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా మనల్ని 4-1తో ఓడించింది. నాలుగేండ్ల క్రితం పది గోల్స్ చేసిన దేశమది.

1960 రోమ్‌లో హంగరీ చేతిలో 2-1తోనే ఓడి, ఫ్రాన్సును 1-1తో నిలువరించాము. 1962 జకార్తా ఆసియా క్రీడలలో మొదటి ఆటే దక్షిణ కొరియాకు 2-0తో పోయింది. తరువాత థాయిలాండ్ ఆటలో మన వెనుక కోట అయిన జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. అప్పుడు రహీం సాహెబ్ చేసిన పని చూడండి. సెమీఫైనల్‌కు, ఫైనల్‌కు అతణ్ణి ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. 1962 సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట అదే కొరియా. రాజకీయ కారణాల వలన స్టేడియం నిండా జనం మనకు వ్యతిరేకం. పి.కె. బెనర్జీ ఒక గోల్ చేశాడు, కుట్లు వేసిన తలతో జర్నైల్ సింగ్ రెండవ గోల్ చేశాడు. 2-1తో బంగారం మనది. అప్పటికే రహీం సాహెబ్ ఊపిరితిత్తుల కాన్సరుతో బాధపడుతున్నారు. 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఆనాడూ తగాదాలే

ఆనాడు అందరూ ఏకమాట మీద ఉన్నారనుకుంటే పొరపాటు. కలకత్తావారికి హైదరాబాదు మీద, హైదరాబాదువారికి కలకత్తా మీద అనుమానాలు ఎప్పుడూ ఉండేవి. మెల్‌బోర్న్ జట్టులో అజీజ్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, సలాం, జుల్ఫికారుద్దీన్, బలరామ్ వంటి మన నగరపువారు అంతమంది ఉంటే పక్షపాతమనే మాట రాకుండా ఉంటుందా? మైదానంలో వాళ్ళు ఆడిన ఆటే దానికి జవాబైంది.

ఇంకొక నిజం కూడా చెప్పుకోవాలి. గత వైభవాన్ని తలచుకునేటప్పుడు మనం కొంచెం ఎక్కువ చేసి చెప్పుకుంటాము. మెల్‌బోర్న్‌లో మొదటి ఆటకు హంగరీ రానందున మనకు తోవ దొరికింది. నాలుగవ స్థానం వచ్చిన ఆ పోటీలో మనం గెలిచిన ఆట ఒక్కటే. జకార్తాలో పాల్గొన్న జట్లు ఎనిమిదే. ఇది చెప్పితే రహీం సాహెబ్ గొప్పతనం తగ్గదు. పైగా, ఆయన చేతిలో మంత్రదండం లేదు, ఉన్నది చేసిన పని మాత్రమేనని తెలుస్తుంది. లేకపోతే మనది "తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అన్న సామెత అవుతుంది.

అసలు కిటుకు ఎక్కడ?

మేము ఆలోచించగా, రహీం సాహెబ్ బలం ఒక విషయంలో ఉన్నది. నేటి జాతీయ కోచ్ కాలువ చివర కూర్చుని నీళ్ళ కోసం చూసేవాడు. రహీం సాహెబ్ కాలువకు రెండు కొసలా తానే నిలబడ్డారు. భారత జట్టును తీర్చినవారూ ఆయనే, ఊళ్ళో కుర్రాళ్ళకు పోటీలు పెట్టినవారూ ఆయనే. ఆ పోటీలు కూడా ఎటువంటివి! ఒక పోటీలో బంతిని కాళ్ళ దగ్గర ఉంచుకుని తిప్పుతూ పోరాదు, అందుకున్న వెంటనే పాసివ్వాలి. ఇంకొక పోటీలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. పొట్టివాళ్ళకు వేరుగా పోటీ. ఇవన్నీ బడిపంతులు బుర్రలో పుట్టే ఆలోచనలే. లెక్కలో వెనుకబడినవాడికి ఎక్కాలు వేరుగా చెప్పినట్లు, బలహీనమైన కాలికి వేరుగా పాఠం చెప్పారు. ఖర్చేమున్నది? ఒక బంతి, ఒక ఈల, ఖాళీ స్థలం, సాయంత్రం పూట రెండు గంటలు.

ఆయన వేసిన పంట ఆయన పోయిన తరువాత కూడా కోతకు వచ్చింది. హైదరాబాదు జట్టు జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీని 1956, 1957లలో గెలువగా, ఆంధ్రప్రదేశ్ 1965లో గెలిచింది. 1964 ఆసియా కప్పులో నాలుగు జట్లలో మనది రెండవ స్థానం. అప్పటి కోచ్ హారీ రైట్ అనే ఇంగ్లీషువాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం వచ్చింది. అప్పటి కోచ్ జి.ఎం.హెచ్. బాషా, మన దేశస్థుడే. కెప్టెన్ హైదరాబాదు నయీముద్దీన్, జట్టులో హైదరాబాదు హబీబ్. విదేశీయుడున్నప్పుడూ గెలిచాము, స్వదేశీయుడున్నప్పుడూ గెలిచాము. ఎందుచేత? కింద నుండి కుర్రాళ్ళు వస్తుండిరి గనుక. అటు ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ పతకం మనకు మళ్ళీ దక్కలేదు.

అయితే కోచ్ ఎవరైనా ఒకటేనని మా అభిప్రాయం కాదు. బాబ్ హౌటన్ అనే ఇంగ్లీషువాడు 2006లో వచ్చి, ఆటగాళ్ళను నెలల తరబడి శిబిరంలో ఉంచి నేర్పాడు. 2008 ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్పులో మన జట్టు సెమీఫైనల్ దాకా మన లాల్ బహదూర్ స్టేడియంలోనే ఆడి, ఢిల్లీలో తజికిస్తాన్‌ను 4-1తో ఓడించి, చాలా ఏండ్ల తరువాత ఆసియా కప్పుకు అర్హత తెచ్చుకున్నది. మంచి గురువు వలన లాభమున్నది. కాని 2011లో ఆ ఆసియా కప్పుకు వెళ్ళి మూడు ఆటలూ ఓడిపోయాము. ఒక శిబిరం ఒక జట్టును తయారు చేయగలదు, ఒక తరాన్ని తయారు చేయలేదు.

మన వంతు ప్రశ్న

2022లో లీగు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయి వేరే పేరు పెట్టుకున్నది. ఒకప్పుడు దేశానికి సగం జట్టును ఇచ్చిన నగరానికి ఆ పెద్ద లీగులో ఒక క్లబ్బు కూడా మిగలలేదు. దానికి మనం కన్నీరు కార్చవచ్చు, యజమానులను తిట్టవచ్చు. డబ్బుతో వచ్చినది డబ్బుతో పోయింది. రహీం సాహెబ్ కాలపు ఆట డబ్బుతో రాలేదు.

ఆశ లేకపోలేదు. మన అమ్మాయిల జట్టు 2025 జులై 5న థాయిలాండ్‌ను వాళ్ళ గడ్డ మీదే 2-1తో ఓడించి ఆసియా కప్పుకు అర్హత పొందింది. అప్పటి వారి కోచ్ భారతీయుడు. నిజామాబాదు జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య ఆ జాతీయ జట్టుకు ఆడిన పిల్ల. జిల్లాలో ఒక ఆడపిల్లకు బంతి అందితే అది ఎక్కడిదాకా పోతుందో చూడండి.

కనుక ఈసారి జట్టు ఓడినప్పుడు కోచ్ పేరు మీద తగాదా పడండి, మేము కూడా పడతాము. ఆ తగాదా అయిపోయి ఇంటికి వచ్చిన తరువాత పిల్లవాణ్ణి దగ్గరకు పిలిచి మూడు ప్రశ్నలు అడగండి. మీ బడికి ఆటస్థలం ఉన్నదా? టైంటేబుల్‌లో వారానికి ఆటల పీరియడ్లు ఎన్ని? ఆ పీరియడ్లలో నిజంగా ఆడిస్తున్నారా, లెక్కలు చెబుతున్నారా? పరీక్షలు దగ్గర పడగానే మొదట కోత పడేది ఆటల పీరియడుకేనని ఉపాధ్యాయులమైన మాకు బాగా తెలుసు. అడిగే తల్లిదండ్రులుంటే ఆ కోత ఆగుతుంది.

అడగడంతో ఆగనక్కరలేదు. వచ్చే వేసవి సెలవులలో మన బస్తీ పిల్లలకు, ఆడపిల్లలకు వేరుగా, ఎడమకాలి పోటీ ఒకటి పెట్టుదము. కుడికాలితో తన్నితే ఫౌల్. గెలిచినవాళ్ళకు ఒక కొత్త బంతి బహుమానం. ఈల ఊదడానికి మేమున్నాము.